నర్సమ్మ వచ్చిన రోజే పడిపోయే మనిషి

ముప్పై మూడేళ్ళ నర్సు ఉద్యోగంలో నేను చూసినన్ని బీపీలు మా చుట్టుపక్కల ఇంకెవరూ చూసి ఉండరని నా గట్టి నమ్మకం. లెక్క ఎవరూ రాసిపెట్టలేదు కాబట్టి కాదనేవాళ్ళూ లేరు. రిటైరయ్యాక గద్వాలలో ఇంటిపట్టున ఉంటున్నాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆడపిల్లలు అప్పుడప్పుడు వచ్చి, "అమ్మా, నీ సర్వీసుల మర్చిపోలేని ముచ్చట ఒకటి చెప్పు" అని అడుగుతారు. వానలో వాగు దాటి వెళ్ళి చేసిన కాన్పు గురించి చెబుతానేమోనని ఆశగా కూర్చుంటారు. నేను మాత్రం మగ్గం నేసే ఒక పెద్దమనిషిని మూడు నెలల్లో మూడుసార్లు కింద పడేసిన సంగతి చెబుతాను. చేత్తో తోయలేదు, నోటితో తోశాను.

అప్పటికి నా రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్ళుంది. అమరచింత దగ్గర ఒక ఊళ్ళో ఉపకేంద్రం నాది. రెండు గదులు, ఒక వరండా, ఒక కాలు పొట్టిగా ఉన్న బల్ల. ఎడమ పక్క కల్లు దుకాణం, వెనక నేతపనివాళ్ళ వీధి. ఆరోగ్యానికీ కల్లుకూ నడుమ ఒక్కటే గోడ అని మా ఆశా కార్యకర్త నవ్వేది. ఆమెది ఆ ఊరే. ఎవరింట్లో పొద్దున ఏ కూర వండారో మధ్యాహ్నానికల్లా చెప్పగల మనిషి. నెలకో గురువారం బీపీ, షుగరు ఉన్నవాళ్ళంతా మా వరండాలో కూర్చునేవాళ్ళు. నేను బీపీ చూసి, నెలకు సరిపడా గోలీలు ఇచ్చి పంపేదాన్ని.

ఇచ్చిన గోలీలు వేసుకుంటున్నారో లేదో కనుక్కోవడానికి నాకొక పద్ధతి ఉండేది. పాత గోలీల షీటు వెంట తెచ్చి చూపించాలి. అన్ని గుంటలూ ఖాళీగా ఉంటే "శభాష్". ఒక్క గోలీ మిగిలినా సరే, ఆ మనిషిని వరండాలో అందరి ముందూ నిలబెట్టి కడిగేసేదాన్ని. "మీ అయ్య జాగీరా ఈ గోలీలు? దవాఖానకు పోయి పక్షవాతంతోని పండుకుంటవా? నీ పెండ్లాంతోని కాళ్ళు పిసికించుకుంటవా?" అని మొదలుపెడితే కల్లు దుకాణంలో వాళ్ళు కూడా సీసాలు దించి వినేవాళ్ళు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోరు అంత మంచిది కాకపోయినా ఊరు మాత్రం మంచిదైందనీ, అది నా నోటి చలవేననీ అనుకునేదాన్ని. ఎందుకంటే ఒక ఏడాదిలోనే షీట్లన్నీ ఖాళీగా రావడం మొదలైంది.

షీట్లు ఖాళీ, బీపీలు మాత్రం దిగవు. ఇదేం విడ్డూరమని ఒక్కసారైనా ఆలోచించి ఉంటే ఈ ముచ్చటే లేదు.

ఇక ఆ పెద్దమనిషి. అరవై దాటిన మనిషి, సన్నగా, ఎవరితోనూ పెద్దగా మాట్లాడడు. గుంత మగ్గం మీద పట్టు అంచు చీరలు నేసేవాడు. ఆ మగ్గం చూడనివాళ్ళకు చెబుతున్నాను, నేలలో నడుము లోతు గుంత ఉంటుంది. నేసే మనిషి గుంత అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి వేలాడేసి, తొక్కుడు పలకలు తొక్కుతుంటాడు. పొద్దున్నే ఆ గుంతలో కాళ్ళు పెట్టాడంటే అన్నానికి లేవడమే. నేను ఆయన్ను "అన్నా" అనేదాన్ని, ఆయన భార్యను "వదినా" అనేదాన్ని.

ఒకప్పుడు ఆయన బాగా తాగేవాడు. నేను ఆ ఊరికి వచ్చిన కొత్తలో మనవరాలు పుట్టింది. ఆ పసిపిల్ల తల మీద చెయ్యి పెట్టి, ఇక ముట్టనని ఒట్టేశాడు. అయిదేళ్ళు ముట్టలేదు. వదిన ఆ సంగతి బంధువులందరికీ చెప్పుకొని మురిసిపోయేది. ఊళ్ళో ఇంకే ఆడమనిషికీ లేని నగ తన మెడలో ఉన్నట్టు తిరిగేది.

బీపీ గోలీలు మొదలుపెట్టాక మొదటి నెల ఆయన షీటు ఖాళీగా తెచ్చాడు. బీపీ చూస్తే నూట డెబ్బై. "చూడుండ్రి, నేర్చుకోండ్రి" అని షీటు పైకెత్తి అందరికీ చూపించాను. డాక్టరమ్మకు ఫోన్ చేసి, గోలీలు రోజూ వేసుకుంటున్నా బీపీ దిగలేదని చెప్పాను. ఆమె కొత్తగా వచ్చిన చిన్నపిల్ల. మన్ననూర్‌లో అడవి కాపలా ఉద్యోగం చేసిన నాన్నకు కూతురు, నడిచినా మాట్లాడినా చప్పుడు ఉండదు. నా మాట నమ్మి డోసు పెంచమంది. పెంచాను. ఆ మధ్యాహ్నం మగ్గం గుంతలోంచి లేస్తూ ఆయన కళ్ళు తిరిగి పడ్డాడు. ఎండదెబ్బ అనుకున్నారు.

రెండో నెలా అంతే. షీటు ఖాళీ, బీపీ ఎక్కువ, నా శభాష్, డోసు ఇంకొంచెం పెంపు. మధ్యాహ్నం మళ్ళీ పడ్డాడు, ఈసారి మగ్గం గుంజకు నుదురు తగిలింది. తర్వాత రోజు వదిన కొంగు చాటున మొహం పెట్టుకుని ఉపకేంద్రానికి వచ్చింది.

"నర్సమ్మా, నీ కాడికి వచ్చిన దినమే పడ్తుండు. మిగిలిన దినాలు మంచిగనే ఉంటడు. నీ గోడ పక్కనే కల్లు దుకాణం ఉండె. ఈడికి వచ్చినోడు గాడికి పోతుండా ఏంది? వాసన మాత్రం రాదు."

అప్పుడు నేను అన్న మాట ఈనాటికీ నా గొంతులో ముల్లులా ఉంది. పనిలో ఉండి, తలెత్తకుండానే, "వాసన రాకుంట తాగేటోళ్ళు ఎంతమంది లేరు వదినా" అన్నాను. అంతా తెలిసినదానిలా అన్నాను. ఆమె కొంగు ఇంకాస్త ముందుకు లాక్కుని వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి ఆమె భర్తతో మాట్లాడడం మానేసింది. అన్నం పళ్ళెం ముందు పెట్టి పక్కకు తిరిగేదట. తాగాడన్న బాధ ఒక ఎత్తు, పిల్ల తల మీద వేసిన ఒట్టు తప్పాడన్న భయం ఇంకో ఎత్తు. మనవరాలికి జ్వరం వచ్చినా, దగ్గు వచ్చినా ఒట్టు తప్పడం వల్లేనని గుండె బాదుకునేది. ఊరివాళ్ళకు మాత్రం ఇది మంచి కాలక్షేపం. నర్సమ్మను చూస్తే ఆయనకు మూర్ఛ వస్తుందని వీధిలో పాట కట్టారు. మా ఆశా కార్యకర్త కూడా, "అక్కా, నువ్వు మొగం మీదికెల్లి కొంగు కప్పుకొని రా, మనిషి బతుకుతడు" అని ఆట పట్టించింది. నేనూ నవ్వాను.

మూడో నెల గురువారం పొద్దున ఆయన వచ్చి వరండా చివర కూర్చున్నాడు. షీటు ఖాళీ, బీపీ నూట అరవై నాలుగు. పట్టీ విప్పుతుంటే నెమ్మదిగా అన్నాడు.

"నర్సమ్మా, ఇయ్యాల గనక పడితే మా ఇంటామె వాళ్ళన్న ఇంటికి ఉప్పునుంతలకు పోతనంటుంది. సంచి సదిరి పెట్టింది. జర ఏమన్న మందు రాయరాదు, పడకుంట?"

"పడకుంట మందు ఉండదన్నా. పోకుంటనే ఉండాలె, పోయే కాడికి" అని గోడ వైపు కన్ను గీటాను. వరండా అంతా గొల్లుమంది. ఆయన నవ్వలేదు. కొత్త షీటు మడిచి జేబులో పెట్టుకుని, కల్లు దుకాణం ఉన్న వైపు నుంచి కాకుండా చుట్టు తిరిగి వెళ్ళాడు. అది చూసి కూడా నాకు బుద్ధి రాలేదు.

ఆ రోజు డాక్టరమ్మ మా ఉపకేంద్రానికి వచ్చింది. మధ్యాహ్నం మూడున్నరకు రిజిస్టర్లు చూస్తూ ఉండగా వదిన వచ్చి గుమ్మంలో నిలబడింది. చేతిలో సంచి ఉంది.

"మళ్ళ పడ్డడు. నేను బస్సుకు పోతున్న. పోయే ముందు ఒక్కసారి వచ్చి, తాగిండో లేదో నలుగురి ముందట నువ్వు చెప్పు నర్సమ్మా. నీ మాట మీదనే పోత, నీ మాట మీదనే ఉంట."

డాక్టరమ్మా నేనూ పరుగెత్తాము. ఆయన మగ్గం పక్కన నేల మీద ఉన్నాడు. తెలివి ఉంది, కానీ మొహం పాలిపోయి చెమటలు పట్టాయి. చుట్టూ ఇరుగుపొరుగు. నేను చేసిన మొదటి పని ఏమిటో చెప్పనా? నాడి చూడలేదు. వంగి ఆయన నోరు వాసన చూశాను. డాక్టరమ్మ మాత్రం ఆయన కాళ్ళ కింద నూలు మూట పెట్టి కాళ్ళు ఎత్తుగా ఉంచింది. కాసేపటికి మొహంలో రంగు వచ్చాక మూట తీసేసి, "సిస్టర్, పండుకున్నట్లనే బీపీ చూడు" అంది.

నూట పద్దెనిమిది వచ్చింది. "నార్మల్ ఉంది మేడం" అన్నాను, ఆ నార్మల్‌ను నేనే ఇంటి నుంచి వండి తెచ్చినట్టు.

"పొద్దుగాల నూట అరవై నాలుగు రాసినవు గద. అంత ఎట్ల దిగింది?" అంది. తర్వాత మెల్లగా, "ఎప్పుడన్న నిలబెట్టి చూసినవా సిస్టర్?" అంది.

ఎప్పుడూ చూడలేదు. ముప్పై ఒక్క ఏళ్ళుగా జనాన్ని కూర్చోబెట్టి బీపీ చూస్తున్నాను. మనిషి జీవితమంతా నా ముందు కుర్చీలోనే గడుపుతాడన్నట్టు.

ఇద్దరం చెరో పక్క పట్టుకుని ఆయన్ను మెల్లగా లేపాము. ఒక్క నిమిషం ఆగి చూస్తే ఎనభై ఎనిమిది. మిషన్ చెడిపోయిందనుకుని మళ్ళీ గాలి కొట్టబోయాను. ఆయన మోకాళ్ళు వణకడం మొదలయ్యేసరికి మళ్ళీ పడుకోబెట్టాము.

"పెద్దయ్యా, ఇయ్యాల పొద్దుగాల ఎన్ని గోలీలు మింగినవ్?" అని అడిగింది డాక్టరమ్మ.

ఆయన నా వైపు చూశాడు. తర్వాత డాక్టరమ్మతో, ఇంచుమించు గుసగుసగా అన్నాడు.

"నర్సమ్మ జర బయటికి పోతే చెప్త."

నవ్వొచ్చే మాటే. అప్పుడు ఎవరూ నవ్వలేదు. నేను లేచి బయటికి వెళ్ళి గుమ్మం పక్కన నిలబడ్డాను. నా జీవితంలో అంత చిన్న గుమ్మం చూడలేదు. లోపలి మాట స్పష్టంగా వినిపిస్తూనే ఉంది.

"నాలుగు మింగిన బిడ్డా. పొద్దుగాల లేవంగనే మగ్గం ఎక్కుత, గోలీ యాదికుండదు. నెలల మూడు నాలుగు మిగుల్తయ్. షీటుల మిగిలితే ఆమె నలుగుట్ల నిలబెట్టి తిడ్తది. గందుకే ఆమె వచ్చే దినం పొద్దుగాల అన్ని ఒక్కసారి ఏస్కొని పోత. మరి పారేస్తే పాపం గద, సర్కారు మందు."

గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆ గోలీ మింగిన గంటలో పనిచేసేది కాదు. పొద్దున వేసుకుంటే దాని పూర్తి బలం మధ్యాహ్నానికి గానీ తెలియదు. అందుకే నా బల్ల దగ్గర కొండెక్కి కూర్చున్న బీపీ, మగ్గం దగ్గరికి వచ్చేసరికి జారిపోయేది. పైగా నేను డోసు పెంచుతూ పోయాను. మొదటి నెల నాలుగు, మూడో నెల నాలుగు, కానీ ఆ నాలుగూ ఈ నాలుగూ ఒకటి కావు.

గుమ్మంలోంచి తొంగి చూశాను. డాక్టరమ్మ ఆయన వేలు పట్టుకుని ఆయన మెడ మీదే పెట్టించింది.

"ఈడ కొట్టుకుంటుంది చూడు పెద్దయ్యా. ఈ రక్తనాళం గోడల ఒక కాపలా ఉంటది. మనం లేచి నిలబడంగనే రక్తం కాళ్ళల్లకు జారుతది, ఈ గోడ జర వదులైతది. వదులైందని ఈడి నరం మెదడుకు కబురు పంపుతది. మెదడు గుండెను జల్ది కొట్టుకోమంటది, నాళాలను బిగియమంటది. రెప్ప కొట్టేంతల మొదలైతది. మనకు తెల్వనే తెల్వదు."

ఆయన కొంచెం ఆలోచించాడు. "పడుగు సడలితే నేసేటోని చేతికి తెలుస్తది గద బిడ్డా. కన్ను చూడకముందే చెయ్యి పోయి బిగిస్తది. గట్లనా?"

"అచ్చం గట్లనే. వయసు మీద పడ్డంక ఆ చెయ్యి జర నిదానమైతది. దానికి తోడు నువ్వు నాలుగు గోలీలు మింగితివి. మెదడు బిగియమంటది, గోలీలు బిగియనియ్యవు. నువ్వేమో పొద్దుగాలసంది కాళ్ళు గుంతల ఏలాడేసి కూసొని ఒక్కసారే లేస్తివి. రక్తం తలకాయకు అందలే, పడ్డవ్. తుంటి ఇరగకుంట బతికినవ్, సంతోషించు."

"అంటే..." వదిన గొంతు. "అంటే తాగలేదా?"

"చుక్క తాగలే పెద్దమ్మా. గోలీలు మింగిండు, మేం చెప్పినట్లు కనపడాలని. తప్పు నాది కూడ ఉంది. అడగకుంటనే డోసు పెంచిన."

ఆ తర్వాత వదిన బయటికి వచ్చింది. నన్ను తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండేది. "వాసన రాకుంట తాగేటోళ్ళు లేరా అంటివి గద నర్సమ్మా. నెల దినాలాయె, ఆ మనిషి మొగం చూసి మాట్లాడక" అంది, అంతే.

వీధిలో జనం ఉన్నారు. కల్లు దుకాణం నుంచి కూడా ఇద్దరు వచ్చి నిలబడ్డారు. నేను షీటు పైకెత్తి అందరికీ చూపించేంత గొంతుతోనే అన్నాను. "తప్పు నాది వదినా. ఆయన తాగలే. ఒట్టు తప్పలే. నేను తెల్వక ఒక మాటంటి, అది అబద్ధం." చెబుతూ గుమ్మం పట్టుకున్నాను. నా మెడలో ఉన్న కాపలా కూడా ఆ పూట నిదానించినట్టుంది.

వదిన సంచి గుమ్మం దగ్గర వదిలేసి లోపలికి వెళ్ళింది. వెళ్ళి ఏడ్చింది, వెంటనే తిట్లు అందుకుంది. "నర్సమ్మకు భయపడి నాలుగు మింగితివా? నేను నెల దినాలు మాట్లాడకుంటే నాకు భయం కాలేదా? నాకన్న చెప్పొద్దా?"

"నీకు భయపడే గదనే తాగుడు మానిన" అన్నాడాయన పడుకున్నచోటు నుంచే. "ఒక్క పానం ఎంతమందికని భయపడాలె?"

అప్పుడు అందరూ నవ్వారు. సంచి మోసుకుని లోపల పెట్టింది మా ఆశా కార్యకర్త.

తిరిగి వస్తుంటే ఆమెను అడిగాను, ఇంకెవరైనా ఇలా చేస్తున్నారా అని. ఆమె నడక ఆపి నన్ను జాలిగా చూసింది. "ఊరంత గంతేనక్కా. కొందరు మింగుతరు, కొందరు గోడ అవతలికి ఇసురుతరు. మా అత్త పూలకుండీల పాతిపెడ్తది." మరి నాకెందుకు చెప్పలేదంటే, "ఎవలు చెప్తరు? నువ్వు నన్ను గూడ తిడ్తవ్ గద" అంది.

తర్వాతి నెల గురువారం వరండాలో నిలబడి, మిగిలిన గోలీలు తెచ్చి చూపించినవాళ్ళను ఏమీ అననని ప్రకటించాను. ఎవరూ నమ్మలేదు. చాలాసేపటికి ఒక ముసలవ్వ కొంగు ముడి విప్పి ఆరు గోలీలు బల్ల మీద పెట్టింది, పెట్టి చెవులు మూసుకుంది. నేను "మంచిది అవ్వా" అన్నాను. అంతే, కొంగులు, జేబులు, బీడీ కట్టలు, ఒక బిస్కెట్ డబ్బా, అన్నీ విప్పారు. నా కుంటికాలు బల్ల మీద గోలీలు కుప్ప పడ్డాయి. అన్నేళ్ళ నా శభాష్‌లన్నీ అక్కడ రంగురంగులుగా కనిపించాయి. మర్చిపోతే మర్చిపోయిందే, మరుసటి రోజు ఒక్కటే వేసుకోవాలి, రెండు కలిపి వేసుకోకూడదని ఒక్కొక్కరికీ చెప్పాను. అరవై దాటిన ప్రతి ఒక్కరికీ పడుకోబెట్టి, నిలబెట్టి బీపీ చూశాను. మిషన్ కన్నా ముందు నా నడుము అరిగిపోయింది.

ఆయనకు డాక్టరమ్మ డోసు తగ్గించి, రోజూ ఒకటే అని గట్టిగా చెప్పింది. ఆ షీటును, పడుగులో నూలు అటూ ఇటూ విసిరే నాడెలు పెట్టుకునే డబ్బాలో పెట్టుకున్నాడు. నాడె కోసం చెయ్యి పెడితే గోలీ తగులుతుంది. గుంతలోంచి లేచే ముందు తొక్కుడు పలకలు ఊరికే ఓ ఇరవైసార్లు తొక్కాలి, పిక్కలు కదిలి రక్తం పైకి ఎక్కుతుంది, ఆ తర్వాత అంచున కాసేపు కూర్చుని, గుంజ పట్టుకుని లేవాలి. నేను ఒకసారి వాళ్ళ ఇంటికి వెళ్ళినప్పుడు వదిన వంటింట్లో నాతో మాట్లాడుతూ మాట్లాడుతూ చటుక్కున లేచి మగ్గం దగ్గరికి వెళ్ళింది. ఎందుకెళ్ళిందో అర్థం కాలేదు. వచ్చాక చెప్పింది.

"నాడె సప్పుడు లేకుంట తొక్కుడు సప్పుడే వస్తుందంటే ఆయన లేస్తున్నట్టు. పోయి పక్కన నిలబడ్త." ఆ మాట చెబుతూ సిగ్గుపడింది. అయిదేళ్ళ నాటి నగ మళ్ళీ మెడలోకి వచ్చినట్టే ఉంది.

ఇదంతా మీకెందుకు చెబుతున్నానంటే, బిడ్డల్లారా, మనిషి మెడలో ఉన్న ఆ చిన్న కాపలాదారుకున్నంత ఓపిక మనకు లేదు. అది ప్రతిసారీ అడుగుతుంది, ప్రతిసారీ సర్దుతుంది, ఎవరినీ నిలబెట్టి తిట్టదు. నాకది తెలిసేసరికి సర్వీసు అయిపోవచ్చింది.

ఇప్పుడు నాకూ బీపీ ఉంది. మా వీధికి వచ్చే కొత్త నర్సమ్మాయి మంచి పిల్లే, కానీ గొంతు పెద్దది. మొన్న వచ్చి వరండాలో నుంచే, "అమ్మా, షీటు తెచ్చి చూపియ్యి" అంది. లోపలికి వెళ్ళి అల్మారా తీశాను. మూడు గోలీలు మిగిలి ఉన్నాయి. ఏం చేస్తున్నానో నాకు తెలిసేలోపే రెండు నొక్కి అరచేతిలో వేసుకున్నాను. ఇంకో చేత్తో నీళ్ళ చెంబు కూడా అందుకున్నాను.

అక్కడే కాసేపు నిలబడ్డాను. తర్వాత చెంబు పెట్టేసి బయటికి వచ్చి, అరచెయ్యి ఆ పిల్ల ముందు చాపాను, షీటు పక్కన పెట్టాను. ఆమె చూసి నోరు తెరిచింది. ఆ తెరవడం నాకు బాగా తెలిసినదే.

"తిట్టకు బిడ్డా" అన్నాను. "తిడితే, వచ్చే నెల ఖాళీ షీటు చూపిస్త."